పరానా ఒడ్డున ఆడసింహాలు

రొసారియో, అర్జెంటీనా

పూజ్యులైన డ్రిల్లు మాస్టారికి,

మీ పాత శిష్యురాలు నమస్కరించి రాసుకునే ఉత్తరం. మీ మోకాలి నొప్పి తగ్గిందని, మళ్లీ పొద్దున్నే గ్రౌండుకు వెళ్తున్నారని అన్నయ్య ఫోనులో చెప్పాడు. చాలా సంతోషమనిపించింది. బయల్దేరే ముందు మీ దగ్గరికి వచ్చినప్పుడు "చూసిన వింతలన్నీ రాయి తల్లీ" అన్నారు. రాయాల్సినవి చాలా ఉన్నాయి మాస్టారూ. కానీ అన్నింటికంటే ముందు మీకు చేరాల్సిన సంగతి ఒకటుంది. ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊళ్లోనే హాకీ కర్ర పట్టి, ప్రపంచంలోకెల్లా గొప్ప క్రీడాకారిణిగా ఎనిమిదిసార్లు ఎంపికైన లూసియానా ఐమార్ కథ అది. మీలాంటి హాకీ మనిషికి కాక ఇంకెవరికి రాయను?

ముందు ఊరి సంగతి చెప్తాను. రాజధాని బ్యూనస్ ఐరిస్‌కు వాయవ్యంగా సుమారు 300 కిలోమీటర్ల దూరంలో, పరానా నది ఒడ్డున ఉంది రొసారియో. నది వరద గోదారిలా ఎర్రటి నీళ్లతో ఏడాది పొడవునా నిండుగా పారుతుంది. సముద్రం ఎంతో దూరంలో ఉన్నా పెద్ద పెద్ద ఓడలు నది మీదుగా ఇంత లోపలికి వచ్చి సోయా గింజలు, సోయా నూనె నింపుకుని పోతాయి. మన దేశం దిగుమతి చేసుకునే సోయా నూనెలో పెద్ద వాటా అర్జెంటీనాదే. మన ఇళ్లలో పకోడీలు వేగే నూనెలో ఈ ఒడ్డున ఓడకెక్కినదీ ఉంటుందన్నమాట. కాలాలు ఇక్కడ తారుమారు. మనం సంక్రాంతికి భోగిమంటలు వేసుకునే వేళకు వీళ్లకు నడివేసవి. మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనక ఉంటారు. మీరు సాయంత్రం టీ తాగే సమయానికి వీళ్లకు తెల్లవారుతుంది.

కొత్తవాళ్లు వస్తే ఊరివాళ్లు మూడు చోట్లు చూపిస్తారు. 1928లో చే గువేరా పుట్టిన భవనం ఒకటి. 1987లో లియోనెల్ మెస్సీ పుట్టి పెరిగిన పేట రెండోది. మూడోది నది ఒడ్డునున్న జెండా స్మారకం. 1812 ఫిబ్రవరి 27న మాన్యుయెల్ బెల్గ్రానో అనే సేనాని అర్జెంటీనా నీలం, తెలుపు జెండాను మొట్టమొదట ఎగరేసింది ఈ ఊళ్లోనే. అందుకే రొసారియోను జెండా పుట్టిల్లుగా చెప్పుకుంటారు. ఆ స్మారకం గోపురం 70 మీటర్ల ఎత్తు. అక్కడ నిలబడి చూస్తే నది, అవతల దీవులు కనిపిస్తాయి. ఈ జెండా మాట గుర్తుంచుకోండి మాస్టారూ, కథలో మళ్లీ వస్తుంది.

నన్ను మొదట ఆశ్చర్యపరిచింది మాత్రం ఈ మూడూ కావు. శనివారం పొద్దున బస్సెక్కితే సీటు సీటుకూ ఆడపిల్లలు, వాళ్ల వీపున పొడుగాటి సంచులు. వీణలో, గిటార్లో మోసుకెళ్తున్నారేమో అనిపిస్తుంది. అన్నీ హాకీ కర్రలే! ఏడేళ్ల పిల్ల దగ్గర్నుంచి ముప్పై ఏళ్లు దాటిన తల్లి వరకూ క్లబ్బు మ్యాచ్‌కే బయల్దేరారు. మనకు హాకీ అనగానే ధ్యాన్‌చంద్, బల్బీర్ సింగ్ గుర్తొస్తారు, ఆపైన మన హైదరాబాదీ ముకేశ్ కుమార్. ఇక్కడ హాకీ అంటే ఆడపిల్లల ఆట. మగపిల్లలూ ఆడతారు, 2016 రియో ఒలింపిక్స్‌లో పురుషుల జట్టు బంగారు పతకం కూడా తెచ్చింది. అయినా వీధిలో ఎవరినైనా హాకీ గురించి అడిగితే ముందు వచ్చేది ఆడవాళ్ల జట్టు పేరే. ఫుట్‌బాల్ కోసం ప్రాణం పెట్టే దేశంలో ఆడవాళ్ల ఆట ఒకటి ఇలా జనం నోట నిలవడం నేను చూసిన మొదటి వింత.

ఈ ఆట ఇక్కడికి రైళ్లతో పాటు వచ్చింది. ఇంగ్లీషువాళ్ల పెట్టుబడితో రొసారియో నుంచి లోపలి ఊళ్లకు రైలుమార్గాలు వేసినప్పుడు ఇంజనీర్లు, గుమాస్తాలు కుటుంబాలతో సహా వచ్చి స్థిరపడ్డారు. తమ ఆటలన్నీ వెంట తెచ్చుకున్నారు. ఊరికి పడమట ఫిషర్టన్ అనే పేట ఉంది. రైల్వే కంపెనీ మేనేజరుగా పనిచేసిన హెన్రీ ఫిషర్ పేరు మీద వెలసిన పేట అది. ఇంగ్లీషు తరహా ఇళ్లు, చుట్టూ తోటలు, నీడనిచ్చే పెద్ద చెట్లు. అక్కడున్న ఫిషర్టన్ క్లబ్బులోనే మన కథానాయిక చిన్నతనంలో మొదటిసారి కర్ర పట్టింది.

క్లబ్బులంటే ఇక్కడ వేరే మాట. మన వైపు క్లబ్బు అనగానే పేకాట గుర్తొస్తుంది. ఇక్కడ అది కుటుంబమంతా చేరే చోటు. సభ్యత్వం కట్టుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు, పెద్దవాళ్లు చెట్ల కింద కూర్చుని మాతే అనే ఆకుల కషాయం ఒకే గొట్టంతో వంతులవారీగా పీలుస్తారు. వయసును బట్టి జట్లు. శనివారం పొద్దున చిన్నపిల్లలతో మొదలైన మ్యాచ్‌లు సాయంత్రం పెద్దవాళ్లతో ముగుస్తాయి. ఆట అయ్యాక ఇంకో ఆచారం ఉంది. దాన్ని మూడో సగం అంటారు. సొంతూరి జట్టు, వచ్చిన జట్టుకు తిండి పెట్టాలి. అంతవరకూ కర్రలతో కలబడిన పిల్లలు ఒకే బల్ల మీద రొట్టె, మాంసం పంచుకు తింటారు. ఓడినవాళ్లు ముఖం ముడుచుకుని బస్సెక్కే ఆచారం లేదు. ఆ బల్ల దగ్గర నిలబడి చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి మాస్టారూ. మనం జోనల్ పోటీల నుంచి ఒక్కమాటా లేకుండా తిరిగొచ్చిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

ఇక అసలు కథ. లూసియానా పౌలా ఐమార్ 1977 ఆగస్టు 10న పుట్టింది. ఫిషర్టన్‌లో మొదలుపెట్టి, తర్వాత ఈ ఊరిదే అయిన జాకీ క్లబ్బుకు మారింది. జాతీయ స్థాయికి ఎదగాలంటే బ్యూనస్ ఐరిస్‌లోని జాతీయ శిక్షణ కేంద్రానికి వెళ్లాలి. పొద్దున పోయి సాయంత్రానికి రాగలిగే దూరం కాదు. ఇంట్లోవాళ్లు పంపాలి, క్లబ్బు వెనక నిలబడాలి, పిల్లకూ పట్టుదల ఉండాలి. మూడూ కుదిరాయి. 1998లో జాతీయ జట్టులో చోటు దొరికింది. ఆ ఏడే నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో జరిగిన ప్రపంచ కప్పులో అర్జెంటీనాకు నాలుగో స్థానం వచ్చింది. ఆ మరుసటి ఏడాది పాన్ అమెరికన్ క్రీడల్లో బంగారం గెలిచారు.

అప్పటికి అర్జెంటీనా ఆడవాళ్ల హాకీకి పేరు లేకపోలేదు. 1974, 1976, 1994 ప్రపంచ కప్పుల్లో మూడుసార్లు ఫైనల్‌కు చేరి మూడుసార్లూ ఓడారు. ఒలింపిక్ పతకం మాత్రం ఒక్కటీ లేదు. 1988 సియోల్‌లో ఏడో స్థానం, 1996 అట్లాంటాలోనూ ఏడో స్థానమే. వార్తాపత్రికల్లో నాలుగు వరుసలు వస్తే గొప్ప. జనానికి ఆటగాళ్ల పేర్లు తెలియవు.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌తో అదంతా మారిపోయింది. ఆ కథ ఇక్కడ పిల్లలకు కంఠతా వచ్చు. గ్రూపు మ్యాచ్‌లలో అర్జెంటీనా రెండు గెలిచి, ఆస్ట్రేలియా చేతిలో, స్పెయిన్ చేతిలో ఓడింది. రెండో దశకు అయితే చేరింది కానీ, అప్పటి నియమం ప్రకారం తమతో పాటు పైకి వచ్చిన జట్ల మీద సాధించిన పాయింట్లే వెంట వస్తాయి. వీళ్లు ఓడింది సరిగ్గా ఆ రెండు జట్ల మీదే. చేతిలో సున్నా. ఎదురుగా నెదర్లాండ్స్, చైనా, న్యూజిలాండ్. మూడింటినీ వరసగా గెలవాలి, లేకపోతే ఇంటికే. కోచ్ సెర్హియో విహిల్ పిల్లల్ని కూడగట్టుకున్నాడు. జట్టు గుర్తుగా ఒక ఆడసింహాన్ని ఎంచుకున్నారు. జట్టులోనే ఉన్న ఇనెస్ అర్రోండో ఆ బొమ్మ గీసింది. నెదర్లాండ్స్‌తో మ్యాచ్‌కు ఆ సింహం బొమ్మ ఉన్న చొక్కాలతో మైదానంలోకి దిగారు. 3-1 తేడాతో గెలిచారు. చైనా మీద 2-1. న్యూజిలాండ్ మీద ఏకంగా 7-1. ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియా 3-1 తేడాతో ఓడించింది. అయినా వెండి పతకంతో వచ్చిన ఆ జట్టును దేశం లాస్ లెయోనాస్ అని పిలుచుకుంది, అంటే ఆడసింహాలు. ఆ పేరు ఈ రోజుకీ పోలేదు. మన ముకేశ్ కుమార్ తన మూడో ఒలింపిక్స్ ఆడింది కూడా అదే సిడ్నీలో అని మీకు వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ గీసిన అర్రోండో తర్వాత దేశ క్రీడా కార్యదర్శి పదవిని కూడా నిర్వహించింది.

2001లో లూసియానాను అంతర్జాతీయ హాకీ సమాఖ్య ఆ ఏటి మేటి క్రీడాకారిణిగా ప్రకటించింది. ఎనిమిది బహుమతుల్లో అది మొదటిది. ఆ డిసెంబరులోనే దేశం ఆర్థికంగా కుప్పకూలింది. బ్యాంకుల్లో దాచుకున్న డబ్బు తీసుకోనివ్వలేదు, జనం గిన్నెలు, గరిటెలు మోగిస్తూ వీధుల్లోకి వచ్చారు. పెసో విలువ పడిపోయింది. 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో ఎంతో ఆశ పెట్టుకున్న పురుషుల జట్టు మొదటి దశలోనే తిరిగొచ్చేసింది. ఆ ఏడాది చివర్లో, డిసెంబరులో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఆడసింహాలు నెదర్లాండ్స్‌తో ఫైనల్ ఆడి 1-1తో సమం చేసి, పెనాల్టీ స్ట్రోక్‌లలో 4-3 తేడాతో ప్రపంచ కప్పు ఎత్తుకున్నారు. మేముంటున్న ఇంటి పెద్దావిడ ఆ రోజు గురించి చెప్పేటప్పుడు ఆమె గొంతు వణకడం విన్నాను. అన్నం లేని ఇంట్లో దీపం వెలిగినంత సంబరం ఎలా ఉంటుందో ఆవిడ మాటల్లో తెలిసింది.

ఇక్కడ ఆట గురించి కొంత రాయాలి, మీరు అదే అడుగుతారని నాకు తెలుసు. లూసియానాకు ఇక్కడివాళ్లు పెట్టిన పేరు లా మాగా, అంటే ఇంద్రజాలం చేసేది. పాత మ్యాచ్‌ల వీడియోలు మళ్లీ మళ్లీ చూశాను. ఎనిమిదో నంబరు చొక్కా. మధ్యవరసలో ఆడుతుంది. బంతి అందగానే నడుము వంగుతుంది, కానీ తల దించదు. ఇదే నాకు మొదట కనిపించిన గుట్టు. బంతిని కళ్లతో కాదు, కర్రతో చూస్తుంది. కళ్లు ముందున్న మనుషుల మీదే ఉంటాయి. మీరు మమ్మల్ని గొంతు పోయేదాకా అరిచి చెప్పింది ఇదే కదా.

హాకీ కర్రకు ఎడమ వైపే చదునుగా ఉంటుంది, బంతి ఆ వైపుతోనే తగలాలి. కుడి నుంచి ఎడమకు తెచ్చిన బంతిని మళ్లీ కుడికి లాగాలంటే కర్రను తిరగేయాలి. పై చెయ్యి తిప్పుతుంది, కింది చెయ్యి వదులుగా గొట్టంలా పట్టుకుంటుంది. ఇలా కుడి ఎడమలకు బంతిని తిప్పుతూ పోవడాన్ని ప్రపంచమంతటా కోచ్‌లు ఇండియన్ డ్రిబుల్ అనే అంటారు. రొసారియో క్లబ్బు మైదానంలో ఎనిమిదేళ్ల పిల్లకు ఆ పాఠం చెప్తుంటే విన్నాను మాస్టారూ. మన తాతలు పచ్చిక మైదానాల మీద కనిపెట్టిన విద్య, ఇక్కడ భూగోళానికి అవతల ఒక పసిపిల్ల చేతికి వస్తోంది. గర్వమూ వేసింది, మన ఊరి పిల్లల్ని తలచుకుంటే గుండె బరువూ ఎక్కింది.

లూసియానా ఆ విద్యకు వేగం జోడించింది. చాలామంది డ్రిబుల్ చేసేటప్పుడు కాళ్లు నెమ్మదిస్తాయి. ఆమె పరుగు తగ్గదు. ఎదురు వచ్చినామె ఎడమకు బరువు వేసేవరకూ ఆగి, సరిగ్గా ఆ క్షణంలో కుడికి తప్పుకుంటుంది. నీళ్లు చల్లిన టర్ఫ్ మీద బంతి జారిపోతూ ఉంటుంది, మట్టి నేల మీదలాగా ఎగరదు. కాబట్టి చేతి పని ఎంత సన్నంగా ఉంటే అంత లాభం. ఇద్దరు ముగ్గురిని దాటి గోలు ముందున్న డీలోకి చేరితే గోలైనా కావాలి, లేదా ప్రత్యర్థి కాలికి బంతి తగిలి పెనాల్టీ కార్నర్ అయినా రావాలి. అర్జెంటీనాకు వచ్చిన ఎన్నో కార్నర్లు ఆమె పరుగులతోనే వచ్చాయి. 2009లో అంతర్జాతీయ సమాఖ్య ఒక నియమం మార్చింది. ఫౌల్ అయ్యాక ఫ్రీ హిట్ కొట్టే మనిషి బంతిని వేరొకరికి ఇవ్వనక్కర్లేదు, తనంతట తానే తీసుకుపోవచ్చు. ముప్పై దాటిన లూసియానా కోసమే చేసినట్టుంది ఆ మార్పు. ఫౌల్ చేసి ఆమెను ఆపుదామన్నా ఆగేది కాదు. ప్రత్యర్థులు సర్దుకునే లోపే పరుగందుకునేది.

మేటి క్రీడాకారిణి బహుమతి ఆమెకు మళ్లీ వచ్చిన ఏళ్లు ఇవి: 2004, 2005, 2007, 2008, 2009, 2010, 2013. మొదటి దానితో కలిపితే ఎనిమిది. ఆడవాళ్లలో గానీ మగవాళ్లలో గానీ ఎనిమిదిసార్లు ఈ గౌరవం ఇంకెవరికీ దక్కలేదు. మొదటి బహుమతి నాటికి ఆమెకు 24 ఏళ్లు, చివరిదానికి 36. ఒక ఏడాది మెరిసి మాయమైన వాళ్లను మనం చాలామందిని చూశాం. పన్నెండేళ్ల ఎడంతో మళ్లీ ప్రపంచంలో మొదటి మనిషిగా నిలవాలంటే పొద్దున లేచే వేళ, తినే తిండి, చికిత్స, నిద్ర అన్నీ ఆట చెప్పినట్టు నడవాలి. ఇంద్రజాలం అనే పేరు ప్రేమతో పెట్టిందే. కానీ ఆ పేరు వెనక ఉన్న రోజువారీ కష్టం మరుగున పడకూడదని నాకు అనిపిస్తుంది.

ఆమెకు దక్కనిది కూడా చెప్పాలి. ఒలింపిక్ బంగారం. సిడ్నీలో వెండి. 2004 ఏథెన్స్‌లో సెమీఫైనల్లో నెదర్లాండ్స్ పెనాల్టీ స్ట్రోక్‌లతో ఓడించింది, కంచు మిగిలింది. 2008 బీజింగ్‌లో మళ్లీ సెమీఫైనల్, మళ్లీ నెదర్లాండ్స్, 5-2. మళ్లీ కంచు. 2012 లండన్‌లో ఫైనల్, మళ్లీ అదే నెదర్లాండ్స్, 2-0. మళ్లీ వెండి. నాలుగు ఒలింపిక్స్, నాలుగు పతకాలు, అందులో బంగారం లేదు. మూడుసార్లు దారికి అడ్డం నిలిచింది ఒకే జట్టు. అయితే ఈ ఊరి జనం ఆ లెక్క చెప్పుకుని బాధపడరు. లండన్ ప్రారంభోత్సవంలో అర్జెంటీనా బృందానికి ముందు జెండా పట్టుకుని నడిచింది ఎవరు అని అడుగుతారు. లూసియానాయే. జెండా మొదట ఎగిరిన ఊరి బిడ్డ చేతిలో జెండా! స్మారకం దగ్గర నాకు ఈ మాట చెప్పిన వాళ్లందరి ముఖాలూ వెలిగిపోయాయి.

రొసారియోకు అసలు పండగ 2010లో వచ్చింది. ఆ ఏడు ఆడవాళ్ల హాకీ ప్రపంచ కప్పు ఇక్కడే జరిగింది. అందుకోసం కొత్త స్టేడియం కట్టారు. లూసియానా కెప్టెన్, వయసు 33. సొంత ఊళ్లో, సొంత జనం ముందు, సెప్టెంబరు 11న ఫైనల్లో నెదర్లాండ్స్‌ను 3-1 తేడాతో ఓడించి కప్పు ఎత్తింది. ఆ పోటీల్లో మేటి క్రీడాకారిణి బహుమతీ ఆమెదే. ఆ రోజు స్టేడియంలో ఉన్నామని చెప్పుకోవడం ఇక్కడ ఒక హోదా. కోచ్ కార్లోస్ రెతెగి. రియోలో పురుషులకు బంగారం తెచ్చిపెట్టిన కోచ్ కూడా ఆయనే. ఆ స్టేడియానికే తర్వాత లూసియానా ఐమార్ పేరు పెట్టారు. బతికుండగానే, ఒక ఆడమనిషికి, పుట్టిన ఊళ్లో ఇంత గౌరవం! నేను ఆ గేటు ముందు నిలబడి పేరును పైకే చదువుకున్నాను.

మాస్టారూ, ఆ 2010 పోటీల్లో మన జట్టు కూడా ఆడింది. తొమ్మిదో స్థానం వచ్చింది. కానీ హర్యానాలోని షాహబాద్ నుంచి వచ్చిన పదిహేనేళ్ల రాణీ రాంపాల్ ఏడు గోల్స్ కొట్టి, పోటీల్లో మేటి యువ క్రీడాకారిణిగా ఎంపికైంది. తండ్రి బండి లాగి ఇల్లు నడిపిన ఇంటి పిల్ల. పదకొండేళ్ల తర్వాత, 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో రాణీ కెప్టెన్సీలో మన జట్టు ఇదే అర్జెంటీనాతో తలపడింది. రెండో నిమిషంలోనే గుర్జీత్ కౌర్ గోల్ కొట్టింది. తర్వాత నోయెల్ బార్రియోన్యూవో రెండు పెనాల్టీ కార్నర్లతో మ్యాచ్ లాగేసుకుంది. 2-1. ఆ రోజు మన దేశమంతా టీవీల ముందు కూర్చుని ఏడ్చింది. ఓడినా మన ఆడపిల్లలు ఒలింపిక్స్‌లో అంత ఎత్తుకు చేరడం ఆ తరంవాళ్లకు మొదటిసారి. ఇక్కడివాళ్లకు ఆ మ్యాచ్ బాగా గుర్తుంది. భారత జట్టు తమను భయపెట్టిందని మర్యాదగా, మనస్ఫూర్తిగా చెప్తారు.

లూసియానా వీడ్కోలు 2014లో. ఆ ఏడు హేగ్ ప్రపంచ కప్పులో కంచు వచ్చింది. డిసెంబరులో ఆండీస్ పర్వతాల పాదాల దగ్గరున్న మెండోసా నగరంలో చాంపియన్స్ ట్రోఫీ. ఫైనల్లో ఆస్ట్రేలియాతో 1-1, షూటౌట్‌లో గెలుపు. ఆమెకు అది ఆరో చాంపియన్స్ ట్రోఫీ. అంతర్జాతీయ మ్యాచ్‌లు 376, గోల్స్ 162. ముప్పై ఏడేళ్ల వయసులో, కప్పు చేతిలో ఉండగా, సొంత దేశపు జనం ముందు కర్ర దించింది. ఏ క్రీడాకారుడైనా కోరుకునే ముగింపు అది.

ఆమె వెళ్లిపోయాక ఏమైంది? ఇదే నాకు అన్నింటికంటే పెద్ద వింత. 2016 రియోలో జట్టు తడబడి ఏడో స్థానంలో నిలిచింది. కానీ కుప్పకూలలేదు. 2017లో డెల్ఫీనా మెరీనో ప్రపంచ మేటి క్రీడాకారిణి అయింది. టోక్యోలో వెండి, 2022 ప్రపంచ కప్పులో రెండో స్థానం, 2024 పారిస్‌లో కంచు. 2000 నుంచి లెక్క వేస్తే ఏడు ఒలింపిక్స్‌లో ఆరు పతకాలు. ఒక్క మనిషి మాయ మీద నడిచిన జట్టయితే ఇలా జరిగేది కాదు. లూసియానాను చూసి కర్ర పట్టిన పిల్లలు వేలల్లో ఉన్నారు, వాళ్లను పట్టుకోవడానికి ప్రతి పేటలో క్లబ్బు ఉంది.

డబ్బు మాట కూడా చెప్పాలి. క్లబ్బు హాకీ ఇక్కడ ఎక్కువగా జీతాలు లేని ఆటే. చందాలు కట్టుకుని ఆడతారు. అందుకే చాలాకాలం ఇది కలిగినవాళ్ల పిల్లల ఆటగా ఉండిపోయిందన్న విమర్శ నిజమే. ఆ లోటు తీర్చడానికి 2009లో ఒక చట్టం చేశారు. సెల్‌ఫోను బిల్లుల మీద ఒక శాతం పన్ను వేసి, ఆ డబ్బును అంతర్జాతీయ స్థాయి క్రీడాకారుల శిక్షణకు, నెలవారీ భృతికి, ప్రయాణాలకు కేటాయించారు. ఆ పన్ను తర్వాత తీసేశారు కానీ, అది నడిచినన్నాళ్లూ పెసో విలువ పడిపోయినా, ప్రభుత్వాలు మారినా ఆటగాళ్లకు కొంత నిలకడ దొరికింది. ఫోను మాట్లాడుకున్న ప్రతి ఇల్లూ తెలియకుండానే ఒక క్రీడాకారిణికి అన్నం పెట్టింది. ఇంత చిన్న ఏర్పాటుతో ఇంత పని జరుగుతుందా అని నాకు ఆశ్చర్యమేసింది.

ఇక్కడ కొన్నాళ్లుగా చూసి నేను తేల్చుకున్నది ఒక్కటే మాస్టారూ. లూసియానాకు ప్రతిభ పుట్టుకతో వచ్చి ఉండవచ్చు. కానీ ఏడేళ్ల పిల్ల ఇంటికి నడిచిపోయే దూరంలో క్లబ్బు లేకపోతే, పదిహేనేళ్ల పిల్లను రాజధానికి పంపే ఇల్లు లేకపోతే, ఇరవై దాటినా ఆడుతూనే ఉండమని చెప్పే ఊరు లేకపోతే ఆ ప్రతిభ పదో తరగతి దగ్గరే ఆగిపోయేది. మన హైస్కూల్లో నాతో ఆడినవాళ్లలో నాకంటే ఎన్నో రెట్లు మెరుగైన వాళ్లు ఉన్నారు. మీకు వాళ్ల పేర్లన్నీ గుర్తే. పబ్లిక్ పరీక్షలని, పెళ్లి సంబంధాలని, ఎండకు రంగు తగ్గిపోతుందని ఒక్కొక్కరే గ్రౌండు మానేశారు. వాళ్లలో ఎవరి చేతిలో ఏముందో మనకు ఎప్పటికీ తెలియదు. ఆ తెలియకపోవడమే మన నష్టం.

అలా అని మన దగ్గర ఏమీ లేదని అనను. అప్పటి చిత్తూరు జిల్లాలోని చిన్న పల్లె నుంచి వచ్చిన ఎతిమర్పు రజని భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఎదిగింది. ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడి పద్మశ్రీ అందుకున్నాడు. మన నేలలో సారం ఉంది. నీళ్లు పెట్టేవాళ్లు కావాలి.

కాబట్టి ఈ ఉత్తరంతో పాటు మీకు ఒక విన్నపం. మీరు రిటైరయ్యాక ఆగిపోయిన ఆడపిల్లల బ్యాచ్ మళ్లీ మొదలుపెట్టండి. వారానికి ఒక్కరోజు, శనివారం చాలు. కర్రలకు, బంతులకు, ఆట అయ్యాక పిల్లలందరూ కలిసి తినే టిఫినుకు అయ్యే ఖర్చు మేము పాత శిష్యులం చూసుకుంటాం. అన్నయ్యతో మాట్లాడాను, మిగతావాళ్లకూ రాస్తున్నాను. ఒక్క షరతు. పదో తరగతి పూర్తయిన పిల్లను ఇంటికి పంపేయకండి. తల్లిదండ్రుల దగ్గరికి మీరే వెళ్లి మాట్లాడండి, మీ మాట కాదనేవాళ్లు మన ఊళ్లో లేరు. అవతలి ఊరి జట్టు వచ్చినప్పుడు ఓడినా గెలిచినా ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టించండి.

ఈ ఉత్తరం మీరు చదివాక స్టాఫ్ రూములో అందరికీ వినిపించండి. ఆడపిల్లలున్న ప్రతి ఇంటికీ నా తరఫున ఒక్క మాట చెప్పండి: చదువుకు ఆట అడ్డం కాదు, పెళ్లికీ అడ్డం కాదు. మీ అమ్మాయి చేతిలో కర్ర ఉన్నన్నాళ్లూ ఉండనివ్వండి.



ఇట్లు,
మీ శిష్యురాలు